యువ పాస్టర్లను అడిగే ప్రశ్న డోర్నకల్‌ది

క్రిస్మస్, కొత్త సంవత్సరం అయిపోగానే వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఉజ్జీవ సభల (విశ్వాసాన్ని మళ్లీ రగిలించే క్రైస్తవ సభల) పాంప్లెట్లు గోడలకెక్కుతాయి. రాత్రి అందరికీ సభ, పగలు పాస్టర్లకు విడిగా కూటమి. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ముక్కుసూటి మనిషైతే ఆ పగటి కూటమిలోనే అసలు మాట పడుతుంది. టౌన్ సంఘం కోసం ఎందుకు కాచుకుని కూర్చున్నారు? పల్లెలో ఒక రాత్రి పడుకుని ఎన్నాళ్లైంది? మైకు లేకుండా ఒక మనిషి పక్కన కూర్చుని మాట్లాడి ఎన్నాళ్లైంది? ముందు వరుసలో పెద్దలు "ఆమెన్" అంటారు. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో కుర్రాళ్లు తల దించుకుంటారు.

ప్రశ్న న్యాయమైనదే. అయితే దీన్ని మొదట అడిగింది పెద్దలు కాదు. మన పాత వరంగల్ జిల్లా డోర్నకల్‌లో సేవ చేస్తున్న ఒక యువకుడు పెద్దల్ని నిలబెట్టి అడిగాడు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడికి వెళ్లిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యకు అప్పటికి ముప్పై అయిదేళ్లు. తిరునెల్వేలి నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, డోర్నకల్‌లో పనిచేస్తున్న తమిళుడు. మిషనరీల త్యాగాన్ని ఆయన కాదనలేదు. బీదలకు ఆస్తులిచ్చారు, శరీరాలు కూడా ఇచ్చారు అన్నాడు. ఆ తర్వాత, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. తెల్ల మిషనరీలతో నిండిన సభలో ఆ మాట చాలామందికి గుచ్చుకుంది.

ఆ మాట వెనక మిషనరీలు ఉండే కాంపౌండ్ గోడ ఉంది. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టులు 1879లో మిషన్ పెట్టారు. మెదక్‌లో వెస్లియన్లు స్థిరపడ్డారు. కరువులో అన్నం పెట్టారు, ఆసుపత్రులు కట్టారు, మాల, మాదిగ పిల్లల చేతికి పలక ఇచ్చారు. ఆ మేలు మరిచిపోయేది కాదు. అయినా మిషనరీ దొర బంగళా ఒకవైపు, ఊళ్లో బోధించే ఉపదేశి గుడిసె ఒకవైపు. జీతం ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య స్నేహం అంత తేలిగ్గా కుదరదు.

అజరయ్య అడిగి ఊరుకోలేదు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖలో, తొలి భారతీయ బిషప్ ఆయనే. తర్వాత ముప్పై రెండేళ్లు ఈ పల్లెలే ఆయన లోకం. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లను తమ తలమీద చెయ్యి పెట్టుకుని, "అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అని పలకమనేవాడు. పొద్దంతా పొలంలో వంగి వచ్చిన కూలి, అక్షరం రాని తల్లి, సొంత చెయ్యి సొంత తలమీద పెట్టుకుని ఆ మాట అనడం ఒక్కసారి ఊహించుకోండి. పాస్టరు పని పాస్టరొక్కడిదే కాదని ఇంతకంటే బాగా చెప్పడం కష్టం. 1935 నాటికి ఆయన డయాసిస్‌లో (బిషప్ పరిధిలోని ప్రాంతంలో) రెండు వేలకు పైగా గ్రామ ఉపదేశకులు ఉన్నారు. వాళ్లు ఊళ్లోనే కాపురం ఉండేవాళ్లు. పిల్లలకు చదువు చెప్పేవాళ్లు, ప్రార్థన నడిపేవాళ్లు. భార్యలకూ శిక్షణ ఉండేది.

ఆ వ్యవస్థ మెల్లగా కరిగిపోయింది. 1947లో ఆంగ్లికన్ సంఘం మరికొన్ని సంఘాలతో కలిసి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడింది. ఊళ్లలోకి ప్రభుత్వ బడులు వచ్చాయి, విదేశీ డబ్బు తగ్గింది. పాస్టర్లు చదివే వేదాంత విద్య నగరానికి చేరింది. 1964లో రాజమండ్రిలో మొదలైన ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ 1973లో హైదరాబాద్‌కు మారింది. బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పట్టాతో బయటికొచ్చిన కుర్రాడికి పల్లె పోస్టింగ్ శిక్షలా కనిపించడం అక్కడి నుంచే మొదలైందని నా నమ్మకం. ఇంకోవైపు పంజాబ్ నుంచి వచ్చిన సువార్తికుడు భక్త సింగ్ 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను అనే సంఘ కేంద్రాన్ని స్థాపించాడు. జీతం లేకుండా విశ్వాసం మీద బతికే సేవను చూపించాడు. తర్వాత పుట్టిన స్వతంత్ర సంఘాలు చాలావరకు ఆ బాటే పట్టాయి.

అదే 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు గురించి మాత్రం వేదికల మీద ఎవరూ మాట్లాడరు. దాని ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన దగ్గర క్రైస్తవులైన ఎస్సీలను చేర్చిన బీసీ-సి వర్గం కింద ఒక్క శాతం రిజర్వేషన్ మిగిలింది. సంఘంలో కూర్చునేవాళ్లలో కొందరు సర్టిఫికెట్‌లో పాత మతమే ఉంచుకుంటారు, వాళ్లను నేను తప్పుపట్టను. పాస్టరుకు ఆ దారి లేదు. అతని విశ్వాసం అతని పేరు ముందే ఉంటుంది. ఎస్సీ రిజర్వేషన్ పోయేది అతని పిల్లలకు.

కూటమిలో తల దించుకున్న కుర్రాళ్లందరూ టౌన్ కోసం చూస్తున్నవాళ్లు కాదు. ఆదివారం మూడు ఊళ్లు తిరిగి, సోమవారం ఆటో నడుపుకునేవాళ్లు, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేవాళ్లు వాళ్లలో ఉన్నారు. తల్లులు వండే ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యమే వాళ్లకు కానుక. సవాలు విసిరి రాత్రి బండికి వెళ్లిపోయే ప్రసంగీకుడు ఆ మూడు ఊళ్లలో ఒకదానికి వాళ్లతో వెళ్లి ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. అజరయ్య అడిగిన స్నేహితుడు వాళ్లకు ఇంకా దొరకలేదు.