ఫాంటమ్‌కి కొత్త బట్టలు

పెదవాల్తేరు,
విశాఖపట్నం

చిరంజీవులు చిన్నీకి, పండుకి తాతయ్య దీవెనలు.

మొన్న చిన్నీ ఫోన్లో అడిగిన ప్రశ్న రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే కాగితం తీశాను. "తాతయ్యా, నీ పెట్టెలోని బొమ్మల కథల పుస్తకాల్లో ఫాంటమ్ వంగపండు రంగు బిగుతు బట్టల్లో ఉంటాడు కదా. టీవీ సీరియల్లో ఆ బట్టలే లేవు, ఏదో సైనికుడి కవచంలాంటిది తొడిగారు. వీళ్ళు ఫాంటమ్‌ని బాగుచేశారా, పాడుచేశారా?" అంది. వెనకనుంచి పండు "పాడుచేశారు!" అని అరవడం కూడా వినబడింది. పండూ, తీర్పు చెప్పే ముందు కాస్త ఆగు నాన్నా. ముందు నీకొక దర్జీ సంగతి చెప్పాలి.

మా నాన్నగారు, అంటే మీ ముత్తాత, పోర్టులో పనిచేసేవారు. ఆయన ఖాకీ ప్యాంట్లు మోకాళ్ళ దగ్గర పలచబడ్డాక పారేసే అలవాటు మా ఇంట్లో లేదు. అవి నాకొచ్చేవి. కురుపాం మార్కెట్ వెనక సందులో, ఒక అరుగు మీద మిషన్ పెట్టుకుని ఒక ముసలి దర్జీ ఉండేవాడు. అమ్మ ఆ ప్యాంటు చుట్టచుట్టి నా చంకలో పెట్టి పంపేది.

వెళ్ళగానే టేపు తీసి నా కొలతలు తీసుకుంటాడనుకుంటారు కదూ. తీసుకునేవాడు కాదు. ముందు ప్యాంటుని బల్ల మీద తిరగేసి పరిచేవాడు. నడుము వెనక కుట్టు లోపల బొటనవేలు పెట్టి, పైనుంచి కిందదాకా మెల్లగా పాముకుంటూ వచ్చేవాడు. మొదట కుట్టినవాడు లోపల ఎంత గుడ్డ వదిలాడో చూసుకోవడమన్నమాట. తర్వాత పాదాల దగ్గర మడత విప్పేవాడు. పైన ఎండకీ, ఉప్పుగాలికీ వెలిసిపోయి గడ్డిరంగులోకి వచ్చిన గుడ్డ, ఆ మడతలో మాత్రం కొన్న రోజు ఎలా ఉందో అలాగే ముదురుగా ఉండేది. అది చూసి అతని మొహం విప్పారేది. "గుడ్డ గట్టిగున్నాది బాబూ. మీ నాయిన మోకాలు అరగ్గొట్టీసినాడు గానీ గుడ్డ తప్పేటీ నేదు" అనేవాడు. ఆ తర్వాతే సుద్దముక్క, ఆ తర్వాతే బ్లేడు, అన్నీ అయ్యాక కత్తెర. గుండీలు పీకి జిప్పు వేసేవాడు. లోపలి వైపు బాగుంటే మొత్తం తిరగేసి కుట్టేవాడు. బడికి వెళితే అది మా నాన్నగారి ప్యాంటని ఎవరూ కనిపెట్టేవారు కాదు. నాకు మాత్రం తెలిసేది.

పాత కథని కొత్తకాలం టీవీకి మార్చడం సరిగ్గా ఈ ఆల్టరేషన్ పనే. ముందు విప్పి చూడాలి. మొదట కుట్టినవాడు లోపల ఎంత గుడ్డ వదిలాడు? అరిగింది ఏది, ఇంకా గట్టిగా ఉన్నది ఏది?

ఫాంటమ్‌ని మొదట కుట్టినాయన లీ ఫాక్ అనే అమెరికా రచయిత. 1936 ఫిబ్రవరి 17న అక్కడి పేపర్లలో రోజుకో వరుస బొమ్మలుగా ఆ కథ మొదలైంది. సూపర్‌మ్యాన్ రావడానికి ఇంకా రెండేళ్ళు ఉంది అప్పటికి. ఆ దర్జీ బొటనవేలు పెట్టినట్టు మనం కుట్టు లోపల చూస్తే ఏం కనబడుతుందో తెలుసా? బంగల్లా అనే కల్పిత దేశపు అడవిలో అందరూ ఫాంటమ్‌కి చావు లేదనుకుంటారు. నాలుగు వందల ఏళ్ళుగా తిరుగుతున్న దయ్యమని సముద్రపు దొంగలు హడలిపోతారు. నిజానికి అతను మామూలు మనిషి. 1536లో దొంగలు ఓడ మీద పడి తండ్రిని చంపితే, ఒడ్డుకి కొట్టుకొచ్చిన కొడుకు ఆ హంతకుడి పుర్రె మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాడు: దొంగతనం, దురాశ, క్రూరత్వం, అన్యాయం, వీటిని అంతం చేయడానికే నా బతుకు, నా తర్వాత నా పిల్లలూ ఇదే పని చేస్తారు అని. తండ్రి పోతే కొడుకు అవే బట్టలు తొడుక్కుంటాడు. బయటివాళ్ళకి తేడా తెలియదు. మనం పుస్తకాల్లో చదివేది ఇరవై ఒకటో ఆయన కథ.

చూశారా, ఫాక్ ఎంత గుడ్డ వదిలి కుట్టాడో! సూపర్‌మ్యాన్ ఒక్కడే కాబట్టి కాలం మారినప్పుడల్లా అతని కథ మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. ఫాంటమ్‌కి ఆ బాధ లేదు. తర్వాతివాడు ఎవరైనా కావచ్చు, ఏ కాలంలోనైనా పుట్టొచ్చు. 1994లో వచ్చిన బొమ్మల సీరియల్లో 2040 సంవత్సరంలో ఇరవై నాలుగో ఫాంటమ్ వచ్చాడు. అతను చదువుకునే కుర్రాడు. మీరు చూసింది 2009లో తీసిన రెండు భాగాల సీరియల్, అందులో ఇరవై రెండో ఆయన. 1996లో సినిమా తీసినవాళ్ళు మాత్రం ఇంకో దారి పట్టారు. ఆ వంగపండు రంగు బట్టలు అలాగే ఉంచి, కథనే 1938కి తీసుకెళ్ళారు. అదీ మర్యాదైన పద్ధతే. గుడ్డ కోయకుండా, ఆ ప్యాంటు సరిపోయే మనిషిని వెతకడం లాంటిది.

ఇక ఆ రంగు. పండూ, దాని గురించి నువ్వు కోపం తెచ్చుకోనక్కర్లేదు. మొదట పేపర్లో బొమ్మలు నలుపు తెలుపుల్లోనే వచ్చేవి. ఫాక్ మనసులో ఉన్నది బూడిద రంగు. 1939లో ఆదివారం రంగుల పేజీ మొదలైనప్పుడు వంగపండు రంగు పడింది, అదే నిలిచిపోయింది. ఇటలీ పిల్లలకి ఫాంటమ్ ఎర్రబట్టల వీరుడు. స్వీడన్ పిల్లలకి నీలంబట్టలవాడు. ఎవరి ఫాంటమ్ వాళ్ళకి అసలైనవాడే. రంగు అద్దకం సంగతి, గుడ్డ సంగతి వేరు.

పైగా కాగితం మీద బొమ్మగీసేవాడు ఒక్క సిరాగీతతో కండ చూపిస్తాడు, బట్ట ఒంటికి అతుక్కున్నట్టే ఉంటుంది. అదే నిజం మనిషికి తొడిగి కెమెరా ముందు నడిపిస్తే మోకాలి దగ్గర ముడతలు పడతాయి, మోచేతి దగ్గర సాగుతుంది. 1943లో పదిహేను భాగాల సినిమా సీరియల్లో టామ్ టైలర్ అనే నటుడు అవే బిగుతు బట్టలతో తిరిగాడు. అప్పటి జనం మురిసిపోయారు కూడా. ఇప్పటి కెమెరాలు గుడ్డలో పోగు కూడా చూపిస్తాయి. బట్టలు మార్చినవాళ్ళ టెన్షన్ నాకు అర్థమవుతుంది.

మా రోజుల్లో ఆ బొమ్మలు మాకు ఇంద్రజాల్ కామిక్స్‌లో దొరికేవి. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు 1964 మార్చిలో మొదలుపెట్టారు, 1990 దాకా నడిచాయి. వాల్తేరు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పుస్తకాల కొట్టులో కొత్తది వేలాడుతోందని ఒకడు కబురు తెస్తే మా గుంపంతా పరిగెత్తేది. కొనేవాడు ఒకడు, చదివేవాళ్ళం పదిమంది. సాయంత్రం బీచ్‌లో కూర్చుని యారాడ కొండ వైపు చూస్తూ, ఫాంటమ్ ఉండే కపాల గుహ ఆ కొండలోనే ఉందని తీర్మానించుకున్నాం. చీకటి పడ్డాక డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ వెలుగు తిరుగుతుంటే ఫాంటమ్ కాపలా కాస్తున్నాడనుకునేవాళ్ళం. హార్బర్లోకి వచ్చే ప్రతి ఓడలోనూ ఒక దొంగ ఉన్నాడని నా గట్టి నమ్మకం. మా నాన్నగారు అవే ఓడల దగ్గర పొద్దస్తమానం పనిచేసి, సరుకు దుమ్ముతో ఇంటికొచ్చి, "ఏ దొంగా కనబడలేదురా, బస్తాలే కనబడ్డాయి" అనేవారు.

మేం అప్పుడు అడగని ప్రశ్న ఒకటుంది. చిన్నీ, ఫోన్ పెట్టేసే ముందు నువ్వే అడిగావు: "ఆ అడవిలో వాళ్ళంతా బయటినుంచి వచ్చిన తెల్లాయనకి ఎందుకు మొక్కుతారు?" రంగు ప్రశ్న కన్నా నాకు ఈ ప్రశ్న ఎక్కువ నచ్చింది తల్లీ. తెల్లవాళ్ళ పాలన పోయి ఇరవై ఏళ్ళయినా నిండని దేశంలో కూర్చుని కూడా మాకు ఆ సంగతి తట్టలేదు. మోకాలి దగ్గర అరిగిన చోటంటే ఇదే. ఇక్కడ మార్చకపోతే ఆ కథ ఇవాళ తొడుక్కోవడానికి పనికిరాదు.

దాన్ని ముందుగా గుర్తించినవాడు ఫాక్ కావడం నాకు చాలా సంతోషం. దేశాలన్నీ ఒక్కొక్కటే స్వతంత్రం తెచ్చుకుంటున్న రోజుల్లో ఆయన కూడా తన అడవిని మార్చాడు. ఆ బంగల్లా దేశానికి, మన పుస్తకాల్లో డెంకాలి అని రాసేవారు చూడండి, దానికి ఎన్నికలు తెచ్చాడు. లమాండా లువాగా అనే నల్లజాతి డాక్టరుని అధ్యక్షుణ్ణి చేశాడు. ఫాంటమ్ ఆయనకి స్నేహితుడు, ఏలేవాడు కాదు. 1977లో ఫాంటమ్‌కి డయానాతో పెళ్ళి చేశాడు. ఆవిడ ఐక్యరాజ్యసమితి ఉద్యోగి, పెళ్ళయ్యాకా పని మానలేదు. 1999లో పోయేదాకా ఫాక్ ఆ కథ రాస్తూనే ఉన్నాడు, అరవై మూడేళ్ళ పాటు. తన చేత్తో కుట్టిందే అయినా, విప్పి మళ్ళీ కుట్టడానికి ఆయన వెనకాడలేదు. పెద్దవాళ్ళు నేర్చుకోవాల్సిన గుణం ఇది. పిల్లలకి ఇది పుట్టుకతోనే ఉంటుంది. మీరు ఆటలో రూలు బాగాలేకపోతే మధ్యలోనే మార్చేసుకుంటారు కదా.

2009 సీరియల్ వాళ్ళు ఏం చేశారో ఇప్పుడు చూద్దాం. క్రిస్ మూర్ అనే కుర్రాడు అమెరికాలో పెంపుడు తల్లిదండ్రుల దగ్గర పెరుగుతాడు, తను ఫాంటమ్ కొడుకునని తెలియదు. ఇది బాగుంది. ఫాక్ వదిలిన గుడ్డలోంచే వదులు చేశారు. పుస్తకంలో ఇరవై ఒకటో ఫాంటమ్ కూడా చిన్నప్పుడు చదువుకి అమెరికా వెళ్ళినవాడే. తండ్రి చావుబతుకుల్లో ఉన్నాడని చిన్ననాటి స్నేహితుడు గురాన్ కబురు తెస్తే తిరిగొస్తాడు. ఆ గురాన్‌ని సీరియల్లో ఆడమనిషిని చేశారు. దానిమీద కొందరు అలిగారు గానీ నాకు నచ్చింది. పుస్తకాల్లోనే పదిహేడో ఫాంటమ్ మంచాన పడితే అతని కవల చెల్లెలు జూలీ ఆ బట్టలు తొడుక్కుని పని నడిపింది కదా! ఆడవాళ్ళకి చోటు ఆ కుట్టులో మొదటినుంచీ ఉంది.

నాకు నచ్చనిది ఒక్కటే. కొత్త బట్టలకి శక్తులు పెట్టారు. అవి తొడుక్కుంటే బలం పెరుగుతుంది, వేగం పెరుగుతుంది. అక్కడ కత్తెర గట్టి గుడ్డ మీద పడింది పిల్లలూ. ఫాంటమ్‌కి ఎగరడం రాదు. తుపాకీ గుండు తగిలితే రక్తం కారుతుంది. ముసలివాడవుతాడు, పోతాడు. అతని బలమంతా రోజూ చేసే కసరత్తులోనూ, తాతలు రాసిపెట్టిన దినచర్య పుస్తకాల్లోనూ, జనం చెప్పుకునే కథల్లోనూ ఉంది. బట్టలే బలమిస్తే ఎవడు తొడుక్కున్నా ఒకటే. అప్పుడు ఆ ప్రమాణం ఎందుకు? తండ్రి పక్కన కూర్చుని వినడం ఎందుకు? ఇరవై ఒక్క మంది ఏ శక్తీ లేకుండా చేసిన పనిని ఇరవై రెండోవాడికి మిషన్ చేసిపెట్టడం నాకు మింగుడుపడలేదు. మంచిపని చేయడానికి ప్రత్యేకమైన ఒళ్ళు అక్కర్లేదని పదేళ్ళ వయసులో నాకు చెప్పినవాడు ఫాంటమ్. ఆ మాట మీ చెవిన కూడా పడాలి.

దర్జీ పోలికతో ఇంతదూరం లాక్కొచ్చాను. దాంతో కూడా చెప్పలేనిది ఒకటి మిగిలింది. ఎక్కడో అమెరికాలో కూర్చుని ఒకాయన రాసుకున్న కథ, స్వీడన్‌లో మంచులో పిల్లలు చదివారు, ఆస్ట్రేలియాలో చదివారు, ఇక్కడ ఉప్పుగాలిలో మేం చదివాం. తన సొంత దేశంలోకన్నా ఇలాంటి చోట్లే అతనికి ఎక్కువ ఆదరణ దొరికింది. తండ్రి చెయ్యి పట్టుకుని కొడుకు "నేనున్నాను" అనే బొమ్మ దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో! నాలుగు గీతలూ కాస్త సిరా, అంతే కదా. అందులో అంత ఎలా పట్టిందో ఎవరైనా విడమరిచి చెబితే వినాలని ఉంది.

నేను చెప్పడం కన్నా మీరు చూడటం మంచిది. సెలవుల్లో తీసుకెళ్ళిన ఆ పుస్తకాల కట్టలో, గురాన్ కుర్రాణ్ణి అమెరికానుంచి తీసుకొచ్చే కథ ఉంటుంది. వెతకండి. ఫోన్లు పక్కన పెట్టి, ఇద్దరూ కలిసి నెమ్మదిగా చదవండి. తర్వాత సీరియల్లో అదే ఘట్టం మళ్ళీ పెట్టుకుని చూడండి. ఏది ఉంచారు, ఏది తీసేశారు, రెండు వరసల్లో రాయండి. అది అయ్యాక మీ ఇరవై మూడో ఫాంటమ్ బొమ్మ గీయండి. అమ్మాయి కావచ్చు, అబ్బాయి కావచ్చు, అడవి బదులు మన ఫిషింగ్ హార్బర్ పెట్టుకోవచ్చు, రంగు మీ ఇష్టం. శక్తులు మాత్రం పెట్టొద్దు. వాట్సాప్‌లో కాకుండా కవర్లో పెట్టి పోస్టులో పంపండి. పండూ, నీ తీర్పు కూడా అందులోనే రాయి, ఎందుకో కారణం చెబుతూ.

ఇట్లు
మీ తాతయ్య