గని సంపుల్లో పూడికతీత: స్లర్రీ పంపులపై అపోహలు - వాస్తవాలు

వానలు మొదలయ్యేలోపు గనుల్లో సంపుల (నీళ్లు చేరే గుంటల) పూడిక తీయాలి కాబట్టి, బెంగళూరు పీణ్యలోని మా స్లర్రీ పంపుల (బురద తోడే పంపుల) షెడ్డుకు ఎండాకాలంలో ఫోన్లు ఎక్కువ. మంగంపేట, బళ్లారి, సింగరేణి... ఎక్కడి నుంచి మనవాళ్లు చేసినా మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఎన్ని హెచ్‌పీ వేయాలి?" నిజానికి అది చివర్లో తేల్చుకోవాల్సిన సంగతి.

అపోహ: ముందు నీళ్లన్నీ తోడేసి, తర్వాత బురద తీయాలి.

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. బురదను పైపులో మోసుకెళ్లేది ఆ నీళ్లే. తేట నీరంతా బయటికి పంపేశాక అడుగున మిగిలేది ముద్ద. దాన్ని పంపు లాగలేదు. చివరికి ట్యాంకర్లతో నీళ్లు తెప్పించి పోయాలి, లేదా పొక్లెయిన్ దించాలి. పైగా సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే. కూలింగ్ జాకెట్ (మోటారును చల్లబరిచే తొడుగు) లేని పంపు నీళ్లు తగ్గాక కూడా తిరుగుతూ ఉంటే వైండింగ్ కాలిపోతుంది.

అపోహ: ఏ బురదైనా ఒకటే.

బురద బరువులో 30 శాతం గట్టి పదార్థం ఉందనుకోండి. అది బొగ్గు పొడి అయితే లీటరు బురద సుమారు 1.1 కిలోలు తూగుతుంది. ఇసుకైతే 1.23 కిలోలు. మంగంపేట ముగ్గురాయి అయితే దాదాపు 1.3 కిలోలు. అంతే నీటిని 20 హెచ్‌పీతో తోడే పంపుకు ఈ ముగ్గురాయి బురదతో 26 హెచ్‌పీ దాకా కావాలి. ప్యానెల్ మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే కరెంటోళ్లను తిట్టుకునే ముందు లీటరు కొలమగ్గును డెలివరీ హోస్ దగ్గర పట్టి తూకం వేయండి, మగ్గు బరువు తీసేయండి. ఆ అంకె నాకు ఫోన్‌లో చెప్తే సగం పని అయిపోయినట్టే.

అపోహ: అజిటేటర్ ఉంది కదా, పంపును ఒక మూల దించి వదిలేయొచ్చు.

అజిటేటర్ అంటే పంపు అడుగున తిరిగే రెక్కలు. అది కవ్వంలా తన చుట్టూ ఉన్నదాన్నే చిలుకుతుంది. కాసేపటికి అక్కడ గుంట పడుతుంది, హోస్‌లో తేట నీళ్లు వస్తాయి. అది చూసి సంపు శుభ్రమైందని పంపు ఆపేసేవాళ్లు చాలామంది. గట్టు మీద నుంచే పొడవాటి వెదురు గడతో నాలుగు మూలలా పొడిచి చూడండి, మిగతా పూడిక ఎక్కడిదక్కడే ఉంటుంది. పంపును చైన్ బ్లాక్‌తోనో తెప్ప మీదనో జరుపుతూ ఉండాలి. మూలల్లో గట్టిపడిన మట్టిని నీటి జెట్‌తో పంపు వైపు తోయాలి. అడుగున వదిలేస్తే గుంట అంచులు విరిగిపడి పంపే పూడిపోతుంది. అప్పుడు కేబుల్ పట్టి లాగారో, కేబుల్ కూడా పోతుంది.

అపోహ: పెద్ద హోస్ వేస్తే సులువుగా పోతుంది.

నీళ్లకైతే సరే. అదే ప్రవాహానికి 100 మిల్లీమీటర్ల హోస్ తీసి 150 వేస్తే వేగం సగానికన్నా తగ్గుతుంది, ఇసుక దారిలోనే దిగిపోతుంది. ఇసుక బురదకు సెకనుకు 2 మీటర్లకు తగ్గకుండా చూసుకుంటాం. ఆపే ముందు కాసేపు తేట నీళ్లు పంపాలి. లేకపోతే నిలువు పైపులో ఉన్నదంతా పంపు నెత్తి మీదే కూర్చుంటుంది.

అపోహ: వేగంగా తిరిగే పంపు ఎక్కువ పని చేస్తుంది.

కొన్నాళ్లే. అరుగుదల సుమారుగా వేగపు ఘనంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే అరుగుదల ఎనిమిది రెట్లు. హై క్రోమ్ ఇనుముతో చేసిన ఇంపెల్లరైనా (పంపు లోపల తిరిగే చక్రం) 2900 ఆర్‌పీఎమ్ దగ్గర త్వరగా పల్చబడుతుంది, నేనైతే 1450 పంపే ఇస్తాను. రబ్బరు లైనింగ్ నాసిరకం అనుకోవడమూ తప్పే. సన్నటి బురదకు అది బాగా ఆగుతుంది, పదునైన రాళ్లు తగిలితే మాత్రం కోసుకుపోతుంది.

అపోహ: పంపు తిరుగుతోందంటే సీళ్లు బాగున్నట్టే.

నీళ్లు మోటారులోకి పోకుండా ఆపేవే సీళ్లు. వాటి మధ్య నూనె ఉండే ఆయిల్ ఛాంబర్ ప్లగ్ విప్పి చూడండి. నూనె తెల్లబడి ఉంటే కింది సీలు పోయిందని అర్థం. "ఈ సంపు అయ్యాక చూద్దాంలే అన్నా" అంటారు. పై సీలు కూడా పోతే నీళ్లు నేరుగా మోటారులోకే. ఆ తర్వాత రివైండింగే.