ధర పడ్డాక కొందామని ఆగుతున్నారా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఇంటి అప్పుల విషయంలో సలహా చెప్పడం నా పని. వచ్చినవాళ్లు వడ్డీ గురించి అడుగుతారని అందరూ అనుకుంటారు గానీ, చాలామంది నోట మొదట వచ్చేది "ధరలు ఎప్పుడు తగ్గుతాయండీ?" అన్న ప్రశ్నే. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పేవాళ్లను నేను నమ్మను. ఆగితే మనకు ఒరిగేదెంత, పోయేదెంత అన్నది మాత్రం కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఆ లెక్క దాకా పోనివ్వని నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఇళ్ల ధరలు ఎక్కడా, ఎప్పుడూ పడవు.

అమ్మేవాళ్లు పుట్టించిన మాట ఇది. జపాన్ పట్టణాల్లో భూమి ధర 1991లో శిఖరానికి చేరి, ఆ తర్వాత దశాబ్దానికి పైగా దిగుతూనే పోయింది. అమెరికాలో 2006 నుంచి 2012 మొదటి దాకా దేశ సగటు పావు వంతుకు పైగా పడింది. ఐర్లండ్‌లో 2007 తర్వాత ఆరేళ్లలో సుమారు సగం విలువ ఆవిరైంది. కాబట్టి పడతాయి.

ఇవే ఉదాహరణలను కొనబోయేవాడి వైపు నుంచి చూస్తే సంగతి ఇంకోలా కనిపిస్తుంది. అమెరికాలో ధర అడుగు తాకడానికి ఐదేళ్లకు పైగా పట్టింది. మధ్యలో 'ఇక ఇంతకంటే దిగదు' అనిపించిన సందర్భాలు ఎన్నో వచ్చాయి. శిఖరానికి ముందు రెండు మూడేళ్ల నుంచే ఆగుతున్నవాడు అడుగున కొనాలంటే ఎనిమిదేళ్లు ఓపిక పట్టాలి. ఈలోగా పిల్లలు బడి మారతారు, ఉద్యోగం మారుతుంది, అప్పు తీర్చడానికి మిగిలే సంపాదన ఏళ్లు తగ్గిపోతాయి.

అపోహ: ఆర్థిక మాంద్యం వస్తే ఇళ్లు వెంటనే చవకవుతాయి.

షేర్ల ధర పొద్దున్న పడి సాయంత్రానికి కనిపిస్తుంది. ఇల్లు అలా కాదు. యజమాని అందులోనే ఉంటున్నాడు, వాయిదా కట్టుకోగలుగుతున్నాడు అంటే, నచ్చని ధరకు అమ్మాల్సిన అవసరం అతనికి లేదు. బోర్డు పీకేసి ఊరుకుంటాడు. డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఆర్థికవేత్తలు 1990లలో బోస్టన్ నగరపు ఫ్లాట్ల అమ్మకాలను పరిశీలించి 2001లో ఒక పత్రం వెలువరించారు. కొన్న ధర కంటే తక్కువకు అమ్మాల్సి వచ్చే యజమానులు మిగతావారి కంటే ఎక్కువ ధర చెప్పారనీ, వాళ్ల ఫ్లాట్లు ఎక్కువ కాలం అమ్ముడుపోకుండా ఉండిపోయాయనీ అందులో తేలింది. మార్కెట్ నీరసించినప్పుడు ముందు పడేది ధర కాదు, అమ్మకాల సంఖ్య.

ధర నిజంగా పడాలంటే అమ్మక తప్పనివాళ్లు పెద్ద సంఖ్యలో ఉండాలి. వాయిదాలు ఎగ్గొట్టి ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు, అప్పుల్లో మునిగిన బిల్డర్లు, ఉద్యోగం పోయి ఊరు వదిలినవాళ్లు. 2008 తర్వాత అమెరికాలో వీళ్లు లక్షల్లో ఉన్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ధరలు కుప్పకూలుతాయని చాలామంది ఆగారు. కానీ చాలా దేశాల్లో ప్రభుత్వాలు వాయిదాలకు గడువు ఇచ్చాయి, కేంద్ర బ్యాంకులు వడ్డీని నేలకు దించాయి, బలవంతపు అమ్మకాలు రాలేదు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఆ తర్వాతి ఏడాదిన్నరలో ధరలు గట్టిగా పెరిగాయి.

ఇక్కడే ఒక చిన్న విషయం. కొత్త ఇళ్లు కట్టి అమ్మేవాళ్లు రేటు కార్డు మీద అంకె తగ్గించడానికి చచ్చినా ఒప్పుకోరు. తగ్గిస్తే ముందు కొన్నవాళ్లు మీద పడతారు. పార్కింగ్ ఉచితం అంటారు, రిజిస్ట్రేషన్ ఖర్చు మేమే భరిస్తామంటారు, తాళం ఇచ్చేదాకా వడ్డీ కట్టిపెడతామంటారు. చాలాసార్లు ధర పడిందనడానికి తొలి గుర్తు ఇదే. వార్తల్లో ఇళ్ల ధరల సూచీ దిగేదాకా చూస్తే ఆలస్యమవుతుంది, ఎందుకంటే ఆ సూచీలో లెక్కకు వచ్చేవి కొన్ని నెలల కింద బేరం కుదిరిన అమ్మకాలు.

అపోహ: ధర పది శాతం పడితే నాకు పది శాతం మిగులుతుంది.

రొక్కం పెట్టి కొనేవారికి మిగులుతుంది. అప్పుతో కొనేవారు ఇంకో అంకె కూడా చూసుకోవాలి. ఇంటి ధర 100 అనుకుందాం, చేతి డబ్బు 20, అప్పు 80, కాలం 20 ఏళ్లు, వడ్డీ 7 శాతం. ఇప్పుడు ధర 90కి పడింది, వడ్డీ 9 శాతానికి పెరిగింది. అదే 20 చేతి నుంచి పెడితే అప్పు 70కి తగ్గుతుంది. అయినా నెల వాయిదా పాతదాని కంటే ఒకటిన్నర శాతం ఎక్కువే వస్తుంది! ధరలు పడే కాలం, వడ్డీలు పెరిగే కాలం చాలాసార్లు ఒకటే కావడం వల్ల ఈ తంటా. 2021 చివర్లో శిఖరానికి చేరిన న్యూజీలాండ్ ధరలు ఏడాదిన్నరలో సుమారు ఆరో వంతు పడ్డాయి, వడ్డీలు ఎగబాకడమే అందుకు ప్రధాన కారణం.

అయితే వాయిదా దగ్గరదగ్గరగా ఉందని ఈ రెండు కొనుగోళ్లూ ఒకటేనని నేననను. వడ్డీ ఎక్కువున్నప్పుడు తక్కువ ధరకు కొన్నవాడు రేపు వడ్డీ తగ్గితే అప్పు వేరే బ్యాంకుకు మార్చుకోవచ్చు, ముందుగా కట్టేసుకోవచ్చు. ఎక్కువ ధరకు కొన్నవాడికి ఆ ధర మార్చుకునే దారి లేదు. వాయిదా సమానమైతే నా ఓటు తక్కువ ధరకే.

పతనం పెద్దదైతే బ్యాంకులు కూడా భయపడతాయి. ఎక్కువ చేతి డబ్బు అడుగుతాయి, ఉద్యోగ భద్రతను భూతద్దంలో చూస్తాయి. అప్పుడు ఇల్లు చవకే, అప్పు పుట్టదు.

అపోహ: అద్దె కట్టడమంటే డబ్బు నీళ్లలో పోయడం. ధర పడకపోతే ఆగినన్నాళ్లూ దండగే.

అన్నిటికంటే ఎక్కువమందిని తొందరపెట్టేది ఈ మాట. అందుకే కాస్త నెమ్మదిగా చూద్దాం.

మళ్లీ 100 ధర, 20 చేతి డబ్బు, 80 అప్పు. ఈసారి వడ్డీ 8 శాతం. కొన్నవాడికి మొదటి ఏడాది వడ్డీ సుమారు 6.4. మరమ్మతులు, ఆస్తి పన్ను, బీమా కలిపి ఒకటి అనుకుందాం. ఆ 20ని డిపాజిట్‌లో పెట్టి ఉంటే 6 శాతం చొప్పున 1.2 వచ్చేది, అదీ పోయింది. మొత్తం 8.6. అసలు కింద జమయ్యేది ఇందులో కలపలేదు, అది మన సొమ్మే. ఇంటి అప్పుకు పన్ను రాయితీ ఉన్నచోట ఈ అంకె కొంత తగ్గుతుంది.

అదే ఇంట్లో అద్దెకు ఉంటే ఏడాదికి 3 కడుతున్నారనుకోండి. తేడా 5.6. అంటే ఆ ఇంటి ధర ఏడాదికి ఐదున్నర శాతం పైన పెరిగితేనే ఆగినవాడు నష్టపోయినట్టు. ధర ఉన్నచోటే ఉంటే ఆగినవాడికి ఏడాదికి 5.6 చొప్పున, మూడేళ్లలో దాదాపు 17 మిగులుతుంది. ఒక్క పైసా ధర పడకుండానే!

అద్దె 5, అప్పు వడ్డీ 5 శాతం, డిపాజిట్ వడ్డీ 4 శాతం ఉన్నచోట ఇదే లెక్క వేయండి. కొన్నవాడి ఖర్చు 5.8, తేడా 0.8. అక్కడ ధర ఏడాదికి ఒక శాతం పెరిగినా ఆగినవాడు వెనకబడతాడు. 'ఇప్పుడు కొనాలా, ఆగాలా' అన్నదానికి అందరికీ ఒకే జవాబు చెప్పేవాళ్లు ఈ రెండు లెక్కల్లో ఏదో ఒకటే చూసి ఉంటారు.

సరే, ఆ 17 ఎక్కడ ఉంది? ఎక్కువమంది దగ్గర ఉండదు. ఆగుతున్నామంటారు గానీ, కట్టని వాయిదా డబ్బు కొత్త కారుకో, సరదా ప్రయాణానికో వెళ్లిపోతుంది. మూడేళ్ల తర్వాత చేతి డబ్బు అదే 20. అటువంటివారిని ధర పడినా ఆదుకోదు. నేను చెప్పేది ఒకటే పద్ధతి: ఆగాలని నిశ్చయించుకున్న నెల నుంచే, కట్టాల్సి వచ్చే వాయిదాలోంచి ఇప్పటి అద్దె తీసేసి, మిగతాది వేరే ఖాతాలో వేయండి. పైన చెప్పిన 8 శాతం ఉదాహరణలో అది ఏడాదికి 5 అవుతుంది. మూడేళ్లకు చేతి డబ్బు 35, దాని మీద వడ్డీ అదనం. నాలుగైదు నెలలకే ఊపిరాడకపోతే అదీ మంచిదే, ఆ వాయిదా మీకు మోయలేని బరువని ఇల్లు కొనకముందే తెలిసిపోయింది.

అపోహ: వడ్డీలు దిగాక కొంటే రెండు విధాలా లాభం.

వడ్డీలు దిగాలని ఎదురుచూసేది మీరొక్కరే కాదు. దిగిన మరుక్షణం అందరూ ఒకేసారి వస్తారు, బేరం బలం అమ్మేవాడి చేతికి పోతుంది. కొనేవాళ్లు లేక అమ్మేవాడు ఫోన్ చేసే రోజుల్లోనే ధర మీద గట్టిగా మాట్లాడగలం.

అపోహ: ధర ఒక్కటి తేలితే చాలు, నిర్ణయం తీసుకోవచ్చు.

ధర కంటే ముందు నేను అడిగేది, ఆ ఇంట్లో ఎన్నేళ్లు ఉంటారని. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, కమిషన్, అప్పు ఖర్చులు, మళ్లీ అమ్మేటప్పటి ఖర్చులు కలిసి చాలాచోట్ల ధరలో పది శాతం దాకా తినేస్తాయి. పదేళ్లు ఉండేవారికి అది ఏడాదికి ఒక శాతం. రెండేళ్లలో బదిలీ అయ్యేవారికి ఏడాదికి ఐదు శాతం, అంటే మార్కెట్ పెరిగినా చేతికి ఏమీ మిగలకపోవచ్చు. రెండేళ్లలో కదిలే అవకాశం ఉన్నవాళ్లు నా ముందు కూర్చుంటే ధరల సంగతి ఎత్తను. అద్దె ఒప్పందం ఎప్పటిదాకా ఉందో అడిగి, దాన్నే పొడిగించుకోమంటాను.