హస్తవాసికి లెక్క కట్టడం

తిరుపతిలో వ్యవసాయ డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని, దామలచెరువు దగ్గరి మామిడి నర్సరీలో తాను రాసుకున్న వివరాలు పంపి నన్నొక ప్రశ్న అడిగింది. అక్కడ ఒక పెద్దావిడ, ఒక యువకుడు చెరి ఆరు తోతాపురి అంట్లు కట్టారు. టెంక మొక్క కాండాన్ని చీల్చి, చెక్కిన పుల్లను అందులో ఇమిడ్చి, ప్లాస్టిక్ పట్టీ బిగించడం ఇద్దరూ ఒకే తీరుగా చేశారు. పెద్దావిడ కట్టినవాటిలో ఐదు చిగురించాయి, యువకుడివాటిలో ఒక్కటే. అది ఆవిడ హస్తవాసి అని నర్సరీ అంతా అనుకుంది. ఇలాంటి తేడా కేవలం కాకతాళీయమా అని చూసే కై-స్క్వేర్ పరీక్షను విద్యార్థిని చేస్తే విలువ 5.33, ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే సంభావ్యత 0.02 వచ్చాయి. దీన్ని నమ్మవచ్చా అన్నది ఆమె సందేహం.

గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1900లో ఇచ్చిన ఆ పరీక్ష, పెద్ద నమూనాలకే సరిపడే ఉజ్జాయింపు. ఎవరివి ఎన్ని బతికాయి, ఎన్ని బతకలేదు అని రాసిన ఈ నాలుగు గడుల పట్టికలో, చేతిలో తేడా లేకుంటే ఒక్కో గడికి ఆశించే సంఖ్య 3 మాత్రమే. కనీసం 5 ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. ఇలాంటి చోట ఆర్. ఎ. ఫిషర్ 1930ల్లో చూపిన పద్ధతిలో ఉజ్జాయింపే లేదు, లెక్కపెట్టడమే ఉంది. తరగతుల్లో సూత్రం కంఠస్థం చేయించి ఈ లెక్కింపును వదిలేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

చేతిలో ఏ మహిమా లేదని, ఎవరు కట్టినా ఆ ఆరు మొక్కలే బతికేవని అనుకుందాం. పన్నెండు మొక్కల్లో బతికే ఆరింటిని 924 విధాలుగా ఎంచవచ్చు. వాటిలో పెద్దావిడ వాటాకు సున్నా నుంచి ఆరు వరకు వచ్చే విధాలు వరుసగా 1, 36, 225, 400, 225, 36, 1. మనం చూసినంత తేడా గాని, అంతకు మించిన తేడా గాని, ఎవరి వైపు మొగ్గినా సరే, వచ్చే విధాలు 74. అంటే సంభావ్యత 0.02 కాదు, 0.08.

ఇంత తేడా ఎందుకంటే, కై-స్క్వేర్ వక్రరేఖ తిరుమల ఘాట్ రోడ్డు వంటిది, బండిని ఏ ఎత్తులోనైనా ఆపుకోవచ్చు. పన్నెండు అంట్ల లెక్క అలిపిరి కాలిబాట వంటిది, పాదం మెట్టు మీదనే ఆనాలి. ఇక్కడ ఆరుకు ఆరూ ఒకరివే బతికితే వచ్చే మెట్టు 2/924, అంటే 0.002, ఆ పక్క మెట్టు 0.08. విద్యార్థినికి వచ్చిన 0.02 దగ్గర అసలు మెట్టే లేదు. 1934లో ఫ్రాంక్ యేట్స్ సూచించిన సవరణ, గడిలోని సంఖ్యకూ ఆశించే సంఖ్యకూ ఉన్న తేడాలోంచి అర (0.5) తగ్గించి, ఆ వక్రరేఖను అర మెట్టు జరుపుతుంది. అప్పుడు 5.33 కాస్తా 3.00 అయి, సంభావ్యత 0.083కు, అంటే ఫిషర్ లెక్క పక్కకే, చేరుతుంది.

0.08 వచ్చినంత మాత్రాన హస్తవాసి లేదని తేలిపోదు. పన్నెండు అంట్ల సాక్ష్యం బలహీనమని మాత్రమే తెలుస్తుంది. వచ్చే సీజన్‌లో చెరి పన్నెండు కట్టించమని, ఏ మొక్క ఎవరికో చీటీలు తీసి పంచమని ఆమెకు రాశాను. బలమైన టెంక మొక్కలన్నీ ఒకరికే దక్కితే ఏ పరీక్షా ఆ లోపాన్ని దిద్దలేదు. ఈసారి పెద్దావిడవి పది, యువకుడివి రెండు బతికాయంటే, 27,04,156 విధాల్లో అంత తేడా చూపేవి 9,002 మాత్రమే, సంభావ్యత దాదాపు 0.003.