టైమ్ మెషీన్‌కి ఏ ఊరి టైమ్ పెట్టాలి? కాలం లెక్కలపై అపోహలు - వాస్తవాలు

నేను బెంగళూరులో షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఏ దేశంలో ఏ పని ఎన్నింటికి మొదలవ్వాలి, ఎవరి షిఫ్టు ఎప్పుడు ముగియాలి, రాత్రి డ్యూటీకి ఎన్ని గంటల జీతం కట్టాలి, ఇదే రోజూ నా గొడవ. ఈ పనిలో ఉన్నవాళ్ళకి సైన్స్ ఫిక్షన్ చదవడం ఒకరకమైన శిక్ష. కాంతికంటే వేగంగా పోయే ఓడ అంటే సరే అనుకుంటాం, తెలుగు మాట్లాడే గ్రహాంతరవాసి అన్నా సర్దుకుంటాం. "భూమ్మీద ఇప్పుడు ఉదయం ఏడు" అని కెప్టెన్ అన్నాడా, "ఏ ఊళ్ళో నాయనా?" అని అరవాలనిపిస్తుంది. కథలు రాసే మిత్రులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు పడే పొరపాట్లు దాదాపు ఒకటే. అందుకని ఇద్దరికీ కలిపి రాస్తున్నా.

అపోహ: డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారాన్ని గంట ముందుకి జరపడం) రైతుల కోసం పెట్టారు.

వాస్తవం: రైతులు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. పశువులకీ పొలంలో మంచుకీ గడియారంతో పనిలేదు. 1895లో న్యూజిలాండ్‌లో ఈ ఆలోచన ముందుకు తెచ్చిన జార్జ్ హడ్సన్‌కి సాయంత్రం డ్యూటీ దిగాక పురుగులు సేకరించే సరదా ఉండేది, దానికి వెలుతురు కావాలి. దేశమంతటా మొదట అమలు చేసింది జర్మనీ, 1916లో, యుద్ధంలో బొగ్గు ఆదా కోసం.

అపోహ: మన దేశంలో గడియారాలు మార్చరు, కాబట్టి మనకి ఆ బాధ లేదు.

వాస్తవం: రెండో ప్రపంచయుద్ధంలో మనవాళ్ళూ గడియారాన్ని గంట ముందుకి జరిపారు, 1945 దాకా అలాగే నడిపారు. పాత రికార్డుల మీద పనిచేసే ప్రోగ్రాములో ఆ సంవత్సరాలు తగిలితే లెక్క గంట తేడా వస్తుంది. అస్సాం టీ తోటల్లో అయితే 'బాగాన్ టైమ్' పేరుతో మన టైముకి గంట ముందు నడిచే అలవాటు ఉంది.

అసలు బాధ మాత్రం బెంగళూరులో ఐటీ ఆఫీసులుండే అవుటర్ రింగ్ రోడ్డు మీద ఉంటుంది. చలికాలంలో న్యూయార్క్ ఉదయం తొమ్మిది అంటే లండన్‌లో మధ్యాహ్నం రెండు, మనకి రాత్రి ఏడున్నర. మార్చి రెండో ఆదివారం అమెరికా గంట ముందుకి దూకుతుంది. యూరప్ ఆఖరి ఆదివారం దాకా కదలదు. మధ్యలో రెండు మూడు వారాలు న్యూయార్క్ తొమ్మిదంటే లండన్‌లో ఒంటిగంట, మనకి ఆరున్నర. ఆ వేళకి మనకి రోజూ ఉండే మీటింగు న్యూయార్క్‌లో పెట్టిందైతే ఆరున్నరకి, లండన్‌లో పెట్టిందైతే ఏడున్నరకే. ఎవరి క్యాలెండర్లో పుడితే వాళ్ళ గంటే చెల్లుతుంది. ఆఫీసు క్యాబ్ రోస్టరుకి ఈ సంగతి తెలియదు. అందుకే ఆ వారాల్లో మారతహళ్ళి వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కాల్‌లో మాట్లాడేవాళ్ళు ఎక్కువ. నవంబరులో అమెరికా వెనక్కి వచ్చేటప్పుడు ఈ ఎడం ఒక్క వారమే, పర్వాలేదు.

ప్రోగ్రాములకి వేరే బాధ. అమెరికాలో ఆ మార్చి రాత్రి రెండు కొట్టగానే మూడవుతుంది. రెండున్నరకి పెట్టిన బ్యాకప్‌కి ఆ రోజు రెండున్నరే ఉండదు. నవంబరులో రెండయ్యేసరికి మళ్ళీ ఒంటిగంటకి వెళ్తుంది. ఒంటిగంటన్నరకి పెట్టిన పని, ముందే జాగ్రత్త పడకపోతే, రెండుసార్లు నడుస్తుంది. అది బ్యాకప్ అయితే ఫర్వాలేదు, డబ్బు పంపే పని అయితే సోమవారం పొద్దున ఫోన్లు మోగుతాయి.

అపోహ: అన్నీ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఆధారంగా పెట్టుకున్న ఒకే ప్రామాణిక సమయంలో) దాచేస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: ఇంటర్వ్యూల్లో అందరూ చెప్పే జవాబిది. సగమే నిజం. జరిగిపోయినవాటికి యూటీసీ భేషుగ్గా పనికొస్తుంది. జరగబోయేవాటికి పనికిరాదు, ఎందుకంటే అక్కడి ప్రభుత్వం రేపు ఏం చేస్తుందో ఈ రోజు ఎవరికీ తెలియదు. 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం గడియారాల మార్పుకి కొద్ది రోజుల ముందు, రంజాన్ అయ్యాక మారుద్దాం అంది. చర్చీలు, కొన్ని సంస్థలు ఒప్పుకోలేదు. కొన్ని రోజులపాటు ఒకే దేశంలో రెండు టైములు నడిచాయి, ఆ తర్వాత ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. బీరూట్‌లో ఉదయం పదింటికి డాక్టరు అపాయింట్‌మెంటు ఉంటే, దాచాల్సింది 'బీరూట్, ఉదయం పది' అని. దాన్ని యూటీసీలోకి ఎప్పుడు మార్చాలంటే, వీలైనంత ఆలస్యంగా.

ఇలాంటి నిర్ణయాలన్నిటినీ ఒకచోట రాసిపెట్టే టైమ్ జోన్ డేటాబేస్ ఒకటుంది. 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టారు, మీ ఫోను లోపల కూడా అదే ఉంటుంది. బెంగళూరులో కూర్చుని టైమ్ జోన్ దగ్గర 'కోల్‌కతా' అని ఎంచుకోవాల్సి రావడానికి కారణమూ అదే. దాంట్లో ప్రాంతాలకి పెద్ద ఊళ్ళ పేర్లు పెడతారు. ఖాళీ ఉన్నప్పుడు దాని వ్యాఖ్యలు చదవండి. చాలా నవలల కంటే బావుంటాయి. తేదీరేఖకి అవతలి పక్కకి మారడానికి సమోవా 2011 డిసెంబరు 30ని క్యాలెండరులోంచి తీసేసిన కథ కూడా దాంట్లో ఉంటుంది. అక్కడ ఆ రోజు పుట్టినరోజు ఉన్నవాళ్ళ గతేమిటని సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళు ఎందుకు అడగరో నాకు అర్థం కాదు.

అపోహ: పంచాంగంలో అంతా సూర్యుడి లెక్కే, దానికి ఈ గొడవలే రావు.

వాస్తవం: లెక్క గొప్పదే. రోజు సూర్యోదయంతో మొదలు, రోజుకి అరవై గడియలు, గడియకి 24 నిమిషాలు. ఆ లెక్కని గోడ గడియారంలోకి దింపేటప్పుడే చిక్కు. ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు అని మనకి కంఠతా వచ్చు. ఆరింటికి ఉదయించి ఆరింటికి అస్తమించే సూర్యుడికే అది సరిపోతుంది. జూన్‌లో డల్లాస్‌లో సూర్యుడు దిగేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. పగటిని ఎనిమిది భాగాలు చేసి ఆఖరి భాగం తీసుకుంటే, అక్కడ ఆదివారం రాహుకాలం ఏడుకి కాస్త ముందు మొదలవుతుంది. ఇక్కడినుంచి అమ్మ ఫోన్ చేసి చెప్పిన వేళ, అక్కడ కొడుకు పాటించే వేళ రెండూ తప్పే.

పైగా సూర్యుణ్ణి నమ్ముకుంటే రైళ్ళు నడవవు. బెంగళూరు సూర్యుడు మన ప్రామాణిక సమయానికి సుమారు ఇరవై నిమిషాలు వెనక, మద్రాసు సూర్యుడు తొమ్మిది నిమిషాలు వెనక. అందుకే ఒకప్పుడు రైల్వేలు మద్రాసు అబ్జర్వేటరీ టైముని పట్టుకున్నాయి. 1906లో గ్రీనిచ్ సమయానికి అయిదున్నర గంటలు ముందుండే ఇప్పటి లెక్క వచ్చింది.

అపోహ: టైమ్ మెషీన్‌లో తేదీ కొడితే చాలు, అక్కడ దిగుతాం.

వాస్తవం: ఏ క్యాలెండరు తేదీ? మనవాడు 1526 ఏప్రిల్ 21 అని కొట్టి పానిపట్టు యుద్ధం చూద్దామని బయల్దేరాడనుకుందాం. చరిత్ర పుస్తకంలో ఉన్నది జూలియన్ తేదీ, అంటే యూరప్‌లో అప్పటిదాకా వాడిన పాత క్యాలెండరుది. ఇప్పటి గ్రెగోరియన్ క్యాలెండరు 1582లో గానీ రాలేదు. మన ప్రోగ్రామింగ్ భాషల్లో చాలావరకు ఇప్పటి క్యాలెండరునే వెనక్కి సాగదీసి లెక్క కడతాయి. మెషీన్ కూడా అలాగే లెక్క కడితే పది రోజులు ముందే దిగి, బాబరు సైన్యం గుడారాల దగ్గర పడిగాపులు కాయాలి. అక్కణ్ణుంచి రాయలవారి విజయనగరానికి వచ్చి "ఇది 1526 కదా" అంటే ఎవరికీ అర్థం కాదు. వాళ్ళకది శక సంవత్సరం 1448, వ్యయ నామ సంవత్సరం. కథకుడు ఈ ఒక్క వాక్యం రాస్తే ఆ కథని చివరిదాకా నమ్ముతాను.

అపోహ: అంతరిక్షంలోకి వెళ్తే అందరికీ ఒకే గడియారం పెట్టుకోవచ్చు.

వాస్తవం: కుజుడి మీద ఒక పగలూ రాత్రీ కలిపి మన లెక్కలో 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. రోవర్లని నడిపే బృందాలు కొన్నాళ్ళు ఆ రోజు ప్రకారమే డ్యూటీ చేశాయి. డ్యూటీ రోజూ ముందురోజు కంటే నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుంది. మార్చిలో ఒక్క గంట జరిగితేనే నెలంతా విసుక్కునే మనం ఒకసారి ఊహించుకోవాలి.

'ఇదే క్షణంలో కుజుడి మీద' అని రాసేవాళ్ళకి ఇంకో మాట. మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న కుజుడి కక్ష్యలోకి చేరినప్పుడు, మన పీణ్యాలోని ఇస్రో కంట్రోల్ రూముకి ఆ కబురు రావడానికి పన్నెండు నిమిషాల పైన పట్టింది. అక్కడ ఏం జరిగినా ఇక్కడివాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. చంద్రుడి మీదైతే గడియారమే మన గడియారం కంటే రోజుకి 56 మైక్రోసెకన్ల పైచిలుకు వేగంగా నడుస్తుంది. అదెంతలే అనుకోకండి, అంత వ్యవధిలో కాంతి దాదాపు 17 కిలోమీటర్లు పోతుంది. ల్యాండరు దిగాల్సిన చోటు అంత తప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చంద్రుడికి వేరే ప్రామాణిక సమయం తయారుచేయమని 2024లో అమెరికా ప్రభుత్వం నాసాకి చెప్పింది ఇందుకే.

అపోహ: భవిష్యత్తులో తెలివైన నాగరికత ఈ గంట జరపడాన్ని ఎత్తేస్తుంది.

వాస్తవం: 2021 నుంచి ఎత్తేద్దామని యూరోపియన్ పార్లమెంటు 2019లో ఓటేసింది. ఇంకా జరుపుతూనే ఉన్నారు. 2022లో అమెరికా సెనేట్ ఏకగ్రీవంగా బిల్లు పాస్ చేసింది, దిగువ సభలో అది అలాగే మురిగిపోయింది. అందరూ వద్దంటారు. వేసవి గంట ఉంచాలా, చలికాలం గంట ఉంచాలా అన్న దగ్గర మాత్రం ఎవరికి వారే. గెలాక్సీ మొత్తానికి ఒకే టైము నడిపే ఏలికల కథలు నాకు పంపకండి. కుజుడి మీద గంట జరపడం మానేద్దామని తీర్మానం చేసి, అరవై ఏళ్ళయినా జరుపుతూనే ఉన్న మండలి కథ ఉంటే పంపండి, ఆ రాత్రే చదివేస్తా.