పొదుపు సంఘాల్లో రేపటి నాయకత్వం: అపోహలు - వాస్తవాలు

మహిళా సంఘాలకు శిక్షణ ఇచ్చే పనిలో నేను 18 ఏళ్లుగా ఉన్నాను. 1990లలో రోజుకో రూపాయి దాచుకుంటూ సంఘాలు పెట్టుకున్న తరం ఇప్పుడు అరవై దాటుతోంది. వారి తరువాత సంఘాన్ని ఎవరు నడుపుతారన్న ప్రశ్న ఊళ్లోని సంఘాలన్నీ కలిసి ఏర్పరచుకున్న గ్రామ సమాఖ్య సమావేశాల్లో దాదాపు ప్రతిసారీ వస్తోంది. దానికి నాకు ఎక్కువగా వినిపించే జవాబులు కొన్ని ఉన్నాయి, వాటిలో చాలావరకు నిలబడేవి కావు.

అపోహ: నాయకత్వం పుట్టుకతో రావాలి. మా సంఘంలో ఆవిడకు తప్ప ఆ పని ఎవరికీ చేతకాదు.

వాస్తవం: 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురుతిరిగిన మహిళలు పదవులున్నవారు కారు, అక్షరాస్యత తరగతులకు వచ్చిన పేద ఇళ్లవారు. ఆ తరగతుల్లో చదివిన పాఠం మీద మొదలైన మాటలే సారా దుకాణం దాకా వెళ్లాయి, ఉద్యమం ఊరూరా పాకింది, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. ఆ జిల్లాలోనే ‘పొదుపులక్ష్మి’ పేరుతో పొదుపు ఉద్యమం కూడా విస్తరించింది. ఆ మహిళలకు పని ఎదురైంది కాబట్టి నాయకత్వం అలవడింది. మన సంఘాల్లో జరిగేది దీనికి తలకిందులు: పన్నెండేళ్లుగా బ్యాంకుకు ఒక్కరే వెళ్తుంటే మేనేజరుతో మాట్లాడడం ఆ ఒక్కరికే వస్తుంది, తక్కినవారికి రాకపోవడాన్ని వారి లోపంగా మనమే లెక్కకడతాం.

అపోహ: నాయకురాలిని మారిస్తే బ్యాంకుకు నమ్మకం పోతుంది.

వాస్తవం: ఈ మాటను ఒకప్పుడు నేనూ నమ్మాను, దాని ఫలితం ఒక సంఘం అనుభవించింది. అక్కడి మొదటి లీడరు లెక్కలో పైసా తేడా రానివ్వని మనిషి. రెండో లీడరు పేరుకు మాత్రమే ఉండేది. నాయకత్వం మార్చాల్సిన గడువు రెండుసార్లు వచ్చినా, “బాగానే నడుస్తోంది కదా, కదిలించడం ఎందుకు” అని నేనే వాయిదా వేయించాను. ఆ మొదటి లీడరుకు పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేరిన నెలలో తీర్మానాల పుస్తకం ఎక్కడుందో తెలిసినవారు లేరు, ఖాతా నుంచి డబ్బు తీయడానికి ఇద్దరి సంతకాలు కావాలి, కిస్తీ గడువు దాటిపోయింది. సకాలంలో చెల్లించిన సంఘానికే వడ్డీ రాయితీ దక్కుతుంది కాబట్టి, ఏ తప్పూ చేయని సభ్యులందరూ ఆ నష్టం పంచుకున్నారు. ఆ తప్పు నాది.

నిజానికి బ్యాంకు చూసేది మనిషిని కాదు, క్రమంగా జరిగే సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, సరైన పుస్తకాలు అనే పంచసూత్రాలు అమలవుతున్నాయా లేదా అన్నది. సంతకాల మార్పుకు అడిగేది కూడా పెద్దదేమీ కాదు: సభ్యులు సంతకాలు చేసిన తీర్మానం, కొత్త లీడర్ల ఫొటోలు, గుర్తింపు పత్రాలు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేస్తే ఒకటి రెండు రోజుల్లో ముగిసే ఆ పని, ఆపద వచ్చాక నెలలు పట్టింది.

అపోహ: ఈ కాలపు అమ్మాయిలకు సంఘం మీద ఆసక్తి లేదు.

వాస్తవం: ముందు వారికి లోపలికి దారి ఉందో లేదో చూడాలి. చాలా ఊళ్లలో ఒక ఇంటి నుంచి ఒక్కరే సభ్యురాలిగా ఉంటారు, ఆ చోటు అత్తగారిది. కోడలు డిగ్రీ చదివినా, పొదుపు డబ్బు కట్టి రావడానికి అత్తగారి బదులు సమావేశానికి వచ్చినా, తీర్మానంలో ఆమె పేరు ఉండదు, అప్పు ఎవరికి ఇవ్వాలన్న చర్చలో ఆమె మాట చెల్లదు. ఇక సమావేశం మధ్యాహ్నం పెడితే పనికి వెళ్లే వయసువారు ఎలా వస్తారు? ఒక ఊళ్లో సమయాన్ని రాత్రి ఏడున్నరకు మార్చి, కోడళ్లతో వేరే సంఘం పెట్టించాము, ఆసక్తి లేదన్న ఫిర్యాదు అక్కడ నాకు మళ్లీ వినిపించలేదు. (రాత్రి సమావేశానికి ఇంట్లో అనుమతి తెచ్చుకోవడం మరో పెద్ద కథ. అక్కడ మాకు అత్తలే సాయపడ్డారు.)

అపోహ: ఫోను వాడడం వచ్చినవారి చేతికి అప్పగిస్తే సరిపోతుంది.

వాస్తవం: సంఘాల లెక్కలు ఇప్పుడు ఫోనులోకి ఎక్కుతున్నాయి కాబట్టి ఆ నేర్పు అవసరమే. అయితే లెక్క నమోదు చేయడం ఒక పని, ఆసుపత్రి ఖర్చుకు అడిగిన ఇంటికి ముందు ఇవ్వాలా, విత్తనాలకు అడిగిన ఇంటికి ముందు ఇవ్వాలా అని పదిమందిని ఒప్పించి తేల్చడం వేరే పని. ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో పాత లీడరుకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు. నేను ఎక్కువగా చూస్తున్న పొరపాటు ఏమిటంటే, చదువుకున్న అమ్మాయిని సంఘంలోకి తెచ్చి ఆమెను జీతం లేని గుమాస్తాగా కూర్చోబెట్టి, నిర్ణయాలన్నీ పాతవారే తీసుకోవడం.

అపోహ: పంచాయతీలో పదవి వస్తే నాయకత్వం వచ్చినట్టే.

వాస్తవం: 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు ఇచ్చింది. కుర్చీలో భార్య పేరు, మాట్లాడేది భర్త అన్న దృశ్యం మాత్రం ఇంకా పోలేదు.

ఇప్పుడు నేను శిక్షణ ఇచ్చే సంఘాల్లో నెలకొక సమావేశంలో లీడరు కూర్చుంటుంది కానీ మాట్లాడదు. ఆ రోజు సమావేశం నడిపేది, తీర్మానం రాయించేది, బ్యాంకుకు వెళ్లేది వంతు వచ్చిన మరో సభ్యురాలు. మొదటి రెండు నెలలు లెక్క తప్పుతుంది, సమావేశం గంట ఆలస్యమవుతుంది, పాత లీడరుకు నోరు కట్టుకుని కూర్చోవడం అన్నిటికంటే కష్టంగా ఉంటుంది. అందుకే ఇటీవల శిక్షణలో సగం సమయం కొత్తవారికి మాట్లాడడం నేర్పడానికి, మిగిలిన సగం పాతవారికి ఆగడం నేర్పడానికి కేటాయిస్తున్నాను.