పొద్దున మొరాయించే పాత లారీ గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

రాత్రి చక్కగా నడిచి వచ్చి ఆగిన లారీ పొద్దున ఎందుకు స్టార్ట్ కాదని మీరు అడిగారు. ఎలాగో ఒకసారి అందుకున్నాక రోజంతా ఏ ఇబ్బందీ లేకుండా ఎలా తిరుగుతుందనీ అడిగారు. అప్పుడు హడావిడిలో "గాలి పట్టి ఉంటుంది" అని ఒక్క మాటతో సరిపెట్టాను. అది జవాబు కాదు. గాలి ఎక్కడి నుంచి వచ్చింది, అది రాత్రిపూటే ఎందుకు వచ్చింది అన్నదే అసలు ప్రశ్న.

ముందు డీజిల్ వెళ్లే దారిలో చేరిన గాలి ఎందుకు చేటో చూడండి. డీజిల్ ఇంజన్లో నిప్పురవ్వ ఉండదు. సిలిండర్లోని గాలిని 15 నుంచి 22వ వంతుకు కుదించేసరికి అది డీజిల్‌ను మండించేంత వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్ మంచుతుంపరలా పడాలి. పాత ఇంజన్లలో చాలావాటికి ఆ తుంపర చల్లే నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 150 నుంచి 250 బార్ల ఒత్తిడి కావాలి (ఒక బార్ అంటే దాదాపు వాతావరణ పీడనమంత). సూది తీసేసిన సిరంజి నిండా నీళ్లు పట్టి, మూతి వేలితో గట్టిగా మూసి నొక్కండి. పిస్టన్ కదలదు. లోపల బఠాణీగింజంత గాలి ఉంచి మళ్లీ నొక్కండి. ఈసారి పిస్టన్ దిగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. నాజిల్‌కు డీజిల్‌ను అంత ఒత్తిడితో నెట్టే ఇంజెక్షన్ పంపులో గాలి చేరితే జరిగేది ఇదే. పంపు శ్రమంతా గాలిని నలపడానికే పోతుంది, నాజిల్ మాత్రం తెరుచుకోదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా పరీక్షించిన ఇంజన్లో ఇంధనాన్ని సిలిండర్లోకి ఊదింది ఒత్తిడి పెట్టిన గాలే. తర్వాత ఇంధనాన్ని నేరుగా పంపుతో నెట్టే పద్ధతి వచ్చింది. 1927లో బాష్ కంపెనీ అలాంటి పంపులను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. ఒకప్పుడు పని చేసిపెట్టిన గాలే ఈ పద్ధతిలో శత్రువయింది.

ఇక రాత్రి సంగతి. ట్యాంకు కింద ఉంటుంది, ఇంజన్ పైన ఉంటుంది. నడిచేటప్పుడు ఫీడ్ పంపు డీజిల్‌ను పైకి లాగుతుంది. ఆగాక ఆ డీజిల్ తన బరువుతో ట్యాంకులోకి జారిపోవాలని చూస్తూనే ఉంటుంది. ఒక గ్లాసు నీళ్లలో గొట్టం ముంచి, పై మూతి వేలితో మూసి పైకెత్తండి. నీళ్లు గొట్టంలోనే నిలుస్తాయి. వేలిని వెంట్రుకవాసి కదిలించండి, నీళ్లు దిగిపోతాయి. లారీలో ఆ వేలి పని చేసేవి ఫీడ్ పంపు వాల్వులు, ఫిల్టర్ సీళ్లు, రాగి వాషర్లు, రబ్బరు గొట్టాల చివర్లు. మీటరు ఎత్తు డీజిల్ కిందికి లాగే లాగుడు వాతావరణ పీడనంలో 8 శాతమే. కానీ అది రాత్రంతా లాగుతుంది. సన్నని పగులుకు అది చాలు.

చాలామంది పొరపడేది ఇక్కడే. కారుతున్న చోటే లీకు ఉంటుందనుకుని తడి కోసం వెతుకుతారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న గొట్టం లోపలికి పీల్చుకుంటుంది, బయటికి నెట్టదు. అక్కడి పగులు గాలిని లోపలికి తీసుకుంటుంది కానీ చుక్క కార్చదు. గొట్టం పొడిగా ఉందంటే బాగుందని అర్థం కాదు.

నేను కూడా పని నేర్చుకునే రోజుల్లో ఒక పాత లారీ విషయంలో ఇలాగే పొరపడ్డాను. ఫిల్టర్ మార్చాను, డీజిల్ దారిలో చేరిన గాలి తీశాను, స్టార్ట్ అయింది. సంతోషపడ్డాను. మర్నాడు మళ్లీ అదే కథ. ఫీడ్ పంపు మార్చాను, గాలి తీశాను, స్టార్ట్ అయింది. మర్నాడు మళ్లీ అదే. మూడోసారి గానీ నాకు బుర్రలో వెలగలేదు. ఏ భాగం మార్చినా చివర్లో గాలి తీస్తాం కదా, అందుకే ప్రతిసారీ స్టార్ట్ అవుతోంది. గాలి తీసినందుకు వచ్చిన ఫలితాన్ని నేను కొత్త భాగానికి కట్టబెడుతున్నాను. ఈ జబ్బు కుదిరిందో లేదో సాయంత్రం తెలియదు, మర్నాడు పొద్దునే తెలుస్తుంది.

అందుకని స్పానర్ పట్టుకోవడానికి ముందు డ్రైవరును అడగండి. పది నిమిషాలు ఆపితే వెంటనే అందుకుని, రాత్రంతా ఆపితేనే మొరాయిస్తోందా? ముందు భాగం ఎత్తులో ఉండేలా వాలులో నిలిపితే ఎక్కువవుతోందా? ఈ రెండింటికీ అవునంటే డీజిల్ వెనక్కి జారుతోందని దాదాపు నమ్మవచ్చు. ట్యాంకు పావు వంతుకు దిగినప్పుడే ఆగిపోతోందంటే, ట్యాంకు లోపలి పీల్చే గొట్టం మధ్యలో చిల్లిపడి ఉండవచ్చు. మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోతే, ట్యాంకుకు గాలి అందే రంధ్రం పూడిపోయిందేమో చూడండి.

సెల్ఫ్ కొట్టేటప్పుడు పొగగొట్టం దగ్గర ఒకరిని నిలబెట్టండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ సిలిండర్ల దాకా చేరుతోంది, మండడం లేదంతే. అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి సరిగ్గా కుదించుకుంటోందో లేదో చూసుకోవాలి, చల్లని ఇంజన్‌ను లోపల వేడిచేసే గ్లో ప్లగ్గులుంటే వాటినీ చూడాలి. పొగ జాడే లేకపోతే డీజిల్ చేరడం లేదు. అయితే ఒక్కసారి 15 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టవద్దు, మధ్యలో రెండు నిమిషాలు ఆపండి. సెల్ఫ్ మోటారు కాలిపోతుంది. పైగా ఇంజెక్షన్ పంపులో చాలా భాగాలకు డీజిలే కందెన, పొడిగా తిరిగితే అరిగిపోతాయి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష. డీజిల్‌కు తట్టుకునే పారదర్శకపు గొట్టం ముక్క ఒకటి తీసుకుని, ఫిల్టర్‌కూ ఇంజెక్షన్ పంపుకూ మధ్య క్లిప్పులు బిగించి అమర్చండి. ఇది తక్కువ ఒత్తిడి ఉన్న చోటే పెట్టాలి, నాజిల్ పైపుల వైపు ఎన్నడూ పెట్టకూడదు. ఇంజన్ నడిపి చూడండి. మొదట కాసేపు బుడగలు రావడం సహజం. తర్వాత కూడా ఆవగింజంత బుడగలు వరుసగా వస్తూనే ఉంటే, గొట్టాన్ని ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యకు మార్చండి. అక్కడా బుడగలుంటే పగులు ట్యాంకు వైపు ఉంది. నడిచేటప్పుడు ఒక్క బుడగా లేకుండా, పొద్దున చూస్తే మాత్రం గొట్టం ఖాళీగా ఉంటే, అనుమానం ఫీడ్ పంపు వాల్వుల మీదికి, ఫిల్టర్ మూత సీలు మీదికి, ఫిల్టర్ అడుగున నీళ్లు తీసే మర మీదికి, నాజిల్స్ నుంచి మిగులు డీజిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ గొట్టాల మీదికి పోవాలి. ఎండి బిరుసెక్కిన రిటర్న్ గొట్టాలను ఎవరూ పట్టించుకోరు.

ఇంకా నిర్ధారణ కావాలంటే లారీ ట్యాంకును పక్కన పెట్టి, శుభ్రమైన డీజిల్ ఉన్న క్యాను నుంచి ఫీడ్ పంపుకు గొట్టం కలపండి. రిటర్న్‌ను కూడా క్యానులోకే మళ్లించండి. క్యాను ట్యాంకు ఎత్తులోనే ఉండాలి. పైన పెడితే డీజిల్ తన బరువుతోనే దిగి జబ్బును కప్పేస్తుంది. పొద్దున వెంటనే అందుకుంటే, తీసేసిన పాత గొట్టాల్లోనో ట్యాంకులోనో దోషముంది.

గాలి తీసేటప్పుడు ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపుకున్న చేతి మీట కొడుతూ ఉండండి. మొదట నురుగు వస్తుంది, తర్వాత తెగని ధార వస్తుంది. కొడుతూనే స్క్రూ బిగించి, ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గర కూడా అదే పని చేయండి. మీట వదులుగా ఊగుతూ ఏమీ లాగకపోతే పంపు పోయిందనుకోకండి. ఇంజన్‌తో తిరుగుతూ పంపును నొక్కే ఉబ్బెత్తు చక్రం కామ్; దాని ఎత్తు సరిగ్గా పంపును నొక్కిన చోట ఇంజన్ ఆగి ఉండవచ్చు. ఇంజన్‌ను కొంచెం తిప్పితే మీటకు మళ్లీ పట్టు వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నా మాట జవదాటకండి. ఇంజన్ తిరుగుతుండగా నాజిల్ నుంచి గానీ, దాని పైపు నుంచి గానీ వచ్చే తుంపర దగ్గర చేయి పెట్టకండి. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటులా కనిపిస్తుంది, నొప్పి కూడా ఉండకపోవచ్చు. అయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి డీజిల్ లోపలికి పోయిందని చెప్పాలి. లేకపోతే వేలు, చేయి కూడా పోవచ్చు.

నా లారీ సంగతి పూర్తి చేస్తాను. ఫీడ్ పంపు ముందున్న రబ్బరు గొట్టం చివర, క్లిప్పు కింద, గోరంత పగులు. వంచి చూస్తే గానీ కనబడలేదు. చుట్టూ దుమ్ము పట్టి పొడిగా ఉంది. గొట్టం మార్చి, గాలి తీసి, ఆ సాయంత్రం స్టార్ట్ అయినా ఎవరికీ ఏమీ చెప్పలేదు. పారదర్శకపు గొట్టాన్ని తీయకుండా అలాగే ఉంచాను. తెల్లవారకముందే వెళ్లి టార్చి వేసి చూశాను. డీజిల్ అంచు దాకా నిండుగా, కదలకుండా నిలిచి ఉంది. అప్పుడు ఎక్కి సెల్ఫ్ కొట్టాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య